ఏడో అడుగులోనే ఉంది పెళ్లి!

'గట్టిమేళం... గట్టిమేళం...' పురోహితుడి కేకతో సన్నాయి జోరందుకుంటుంది. అక్షింతలు గాల్లోకి లేస్తాయి. మూడు ముళ్లూ పడగానే సగం పందిరి భోజనాల వైపు కదులుతుంది. కానీ, శాస్త్రం ప్రకారం పెళ్లిలో అతి ముఖ్యమైన ఘట్టం ఇంకా మిగిలే ఉంటుంది. అదే సప్తపది!

ఆడవాళ్లనే అడగాలట

తెలుగువారికి సుముహూర్తమంటే జీలకర్ర, బెల్లం. మధ్యలో అడ్డుతెర పట్టుకుంటే, వధూవరులు ఆ ముద్దను ఒకరి తలపై ఒకరు పెడతారు. కలిపి నూరిన ఆ రెంటినీ విడదీయలేం. దంపతులూ అలాగే కలిసిపోవాలన్నది పెద్దల మాట. ఆ తర్వాత మంగళసూత్రం. రెండు బొట్లలో ఒకటి పుట్టింటివారిది, మరొకటి అత్తింటివారిది. ఆపైన తలంబ్రాల సందడి సరేసరి.

విచిత్రమేంటంటే, పెళ్లి విధానాన్ని చెప్పే ప్రాచీన గృహ్యసూత్రాల్లో జీలకర్ర బెల్లమూ మూడు ముళ్లూ కనిపించవు. పాణిగ్రహణం, హోమం, సన్నికల్లు తొక్కించడం, సప్తపది, ధ్రువ నక్షత్రాన్నీ అరుంధతినీ చూపించడం... ఇవే ఉంటాయి. మరి మిగతావన్నీ ఎక్కడివి? దేశాచారాలు, కులాచారాలు. వాటినీ ఆ గ్రంథాలు కాదనలేదు. ఏ ఊరి పద్ధతిని ఆ ఊళ్లో పాటించమంది ఆశ్వలాయన సూత్రం. మన దగ్గర ఎక్కువమంది అనుసరించే ఆపస్తంబ సూత్రమైతే, ఆచారాల సంగతి ఆడవాళ్లనడిగి తెలుసుకోమంది. పెళ్లింట్లో అమ్మమ్మలూ నాయనమ్మల మాట చెల్లుబాటయ్యేది ఊరికే కాదన్నమాట!

అడుగడుగునా ఓ కోరిక

వరుడు వధువు చేయి పట్టుకుని, కుడికాలు ముందు పెట్టించి ఏడడుగులు నడిపిస్తాడు. మొదటి అడుగు అన్నం కోసం, రెండోది బలం కోసం, మూడోది వ్రతం కోసం. నాలుగోది సుఖానికి, అయిదోది పశుసంపదకు, ఆరోది రుతువులు అనుకూలించడానికి, ఏడోది యజ్ఞకార్యాలకు. తిండీ ఆరోగ్యమూ ముందు, మిగతావి తర్వాత. సంసారానికి ఏది ఎప్పుడు అవసరమో ఆ వరుసలోనే ఉంది.

అసలు విశేషం ఏడో అడుగు పడ్డాక ఉంటుంది. అప్పుడు వరుడు వధువును పిలిచేది 'సఖి' అని. అంటే స్నేహితురాలని!

చట్టం మాటా అదే

హిందూ వివాహ చట్టం-1955లోని ఏడో సెక్షన్ సప్తపదిని పేరుపెట్టి ప్రస్తావించింది. సప్తపది ఆచారంగా ఉన్నవారికి ఏడో అడుగు పడగానే వివాహం సంపూర్ణమవుతుంది. అయితే అందరికీ ఇదే నియమం కాదు. వధూవరుల్లో ఎవరో ఒకరి వైపు ఆచారం ప్రకారం చేసినా ఆ పెళ్లి చెల్లుతుంది.

ఏ తంతూ లేకపోతే? 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ ప్రశ్నకు జవాబిచ్చింది. ఓ జంట సంప్రదాయం ప్రకారం పెళ్లి తర్వాత చేసుకోవచ్చులే అనుకుని, ఓ సంస్థ ఇచ్చిన ధ్రువపత్రంతో ముందే రిజిస్ట్రేషన్ చేయించుకుంది. ఆలోగానే మనస్పర్థలొచ్చి విడాకుల దాకా వెళ్లింది. ఆచారాలేవీ పాటించలేదు కాబట్టి అసలు పెళ్లే జరగలేదని కోర్టు తేల్చేసింది. హిందూ వివాహమంటే ఆటపాటలూ విందులూ కాదు, అదో సంస్కారమని గుర్తుచేసింది. రిజిస్ట్రేషన్ జరిగిన పెళ్లికి రుజువే తప్ప, అదే పెళ్లి కాదన్నమాట.

ఫొటోగ్రాఫర్ ఎటు చూడమంటే అటు చూడటం, ఎలా నిలబడమంటే అలా నిలబడటం ఇప్పటి పెళ్లిళ్లలో మామూలైపోయింది. ఆ హడావుడిలోనూ ఏడడుగులకు ఓ పది నిమిషాలు కేటాయించండి. ఒక్కో అడుగుకూ అర్థం చెప్పమని పురోహితుణ్ని ముందే అడగండి. జీవితాంతం నిలబెట్టుకోవాల్సిన మాట... అర్థం తెలిసి ఇస్తేనే కదా అందం!