సెలవుల్లో కొలువు, చివర్లో షికారు

విదేశం చూడాలంటే డబ్బు కావాలి. ఆ డబ్బేదో అక్కడే సంపాదించి, అక్కడే తిరిగి, కాలేజీ తెరిచేలోగా ఇంటికి చేరితే? ప్రపంచంలో ఏటా లక్షల మంది యువతీయువకులు అదే చేస్తున్నారు. వాళ్లను పిలిచే పథకాల పేర్లలో సంస్కృతి, స్నేహం, విద్య అన్న మాటలుంటాయి. లోపలికి వెళ్లి చూస్తే హోటల్ గదులు సర్దేవాళ్లు, ఐస్‌క్రీం అమ్మేవాళ్లు, పళ్లు కోసేవాళ్లు దొరక్క ఇబ్బంది పడే ఊళ్లుంటాయి. రెండూ నిజమే. ఆ రెంటి నడుమ దొరికిన విశేషాలివి.

మూడేళ్ల మీద ఒక్క రోజు

పని చేసుకుంటూ లోకం చూడటం కొత్త ముచ్చటేమీ కాదు. జర్మన్ మాట్లాడే దేశాల్లో వడ్రంగం, తాపీపని లాంటివి నేర్చుకున్న కుర్రాళ్లు, శిక్షణ ముగియగానే దేశాటనకు బయల్దేరే ఆచారం మధ్యయుగాల నాటిది. మూడేళ్ల మీద ఒక్క రోజు గడిచేదాకా సొంతూరికి 50 కిలోమీటర్ల లోపు రాకూడదు. పెళ్లయి ఉండకూడదు, అప్పులు ఉండకూడదు. నల్లటి వెడల్పు ప్యాంటు, వెయిస్ట్‌కోటు, టోపీతో ఏ ఊళ్లో పని దొరికితే అక్కడ చేసుకుంటూ సాగిపోయేవాళ్లు జర్మనీ రోడ్ల మీద ఇప్పటికీ కనిపిస్తారు. ఇప్పుడు అమ్మాయిలూ వెళ్తున్నారు. సెల్‌ఫోన్ వెంట ఉండకూడదన్నది ఈ కాలంలో చేరిన నియమం.

గాలివాన పుట్టించిన ఆలోచన

1909 ఆగస్టు 26. జర్మనీలో రిచర్డ్ షిర్మాన్ అనే బడిపంతులు పిల్లల్ని వెంటబెట్టుకుని కాలినడకన వెళ్తుంటే గాలివాన ముంచుకొచ్చింది. దారిలో ఒక పల్లెటూరి బడిలో తలదాచుకున్నారు. రైతు ఇచ్చిన గడ్డి పరుచుకుని పిల్లలు పడుకున్నారు. పంతులుకి మాత్రం నిద్ర పట్టలేదు: సెలవుల్లో బళ్లన్నీ ఖాళీగానే ఉంటాయి కదా, నడిచే పిల్లలకు అవే బసలైతే? 1912లో ఆల్టేనా కోటలో ప్రపంచంలోనే మొదటి యూత్ హాస్టల్ వెలిసింది. ఆనాటి గదుల్ని ఇప్పుడు మ్యూజియంగా ఉంచారు. జేబులో డబ్బు తక్కువున్న విద్యార్థి ఇవాళ ఏ దేశం వెళ్లినా చవగ్గా ఒక మంచం దొరుకుతోందంటే ఆ వాన చలవే.

యుద్ధం ముగిసింది, కోతలకు రండి

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన 1945లోనే బ్రిటన్ తన పొలాల్లో పనికి యూరప్ యువతను పిలిచే ఏర్పాటు మొదలుపెట్టింది. స్ట్రాబెర్రీలు, ఆపిళ్లు కోస్తూ వేసవి గడిపిన విద్యార్థులు తరతరాలుగా ఉన్నారు. ఆ పథకం 2013 దాకా నడిచింది. మరోవైపు 1948 జనవరిలో లండన్‌లోని ఇంపీరియల్ కాలేజీలో పది దేశాల ప్రతినిధులు సమావేశమై ‘ఐయేస్టే’ను స్థాపించారు. సైన్సు, ఇంజినీరింగ్ విద్యార్థులు వేరే దేశపు కంపెనీల్లో, ల్యాబుల్లో జీతం తీసుకుంటూ పని నేర్చుకునే మార్గం ఇది. ఇందులో భారతదేశమూ ఉంది.

కార్మిక శాఖ కాదు, విదేశాంగ శాఖ

1961 సెప్టెంబరు 21న అమెరికా అధ్యక్షుడు కెనడీ సంతకం చేసిన ఫుల్‌బ్రైట్–హేస్ చట్టం దేశాల మధ్య విద్యార్థుల రాకపోకలకు దారి వేసింది. ‘సమ్మర్ వర్క్ ట్రావెల్’ పథకం దాని నీడలోనే పెరిగింది. దీనికిచ్చే వీసా జే-1. వచ్చినవాళ్లు చేసేది కూలిపనే అయినా, పథకాన్ని నడిపేది కార్మిక శాఖ కాదు. విదేశాంగ శాఖలోని విద్యా సాంస్కృతిక విభాగం. అక్కడ గడిపిన కుర్రాళ్లు అమెరికా గురించి ఇంటికెళ్లి నాలుగు మంచిమాటలు చెబుతారన్నది సర్కారు ఆశ.

నాలుగు నెలలు పని, నెల రోజులు షికారు

ఈ వీసాకు సొంత దేశంలో కాలేజీ విద్యార్థి అయి ఉండాలి, కనీసం ఒక సెమిస్టరు పూర్తిచేసి ఉండాలి. పనికి గరిష్ఠ గడువు 4 నెలలు. అది ముగిశాక 30 రోజులు దేశమంతా తిరగొచ్చు. కానీ ఆ నెలలో ఒక్క గంట కూడా పని చేయకూడదు. అక్కడికి చేరిన 10 రోజుల్లోగా, ఈ పథకం కింద తమను రప్పించిన స్పాన్సర్ సంస్థకు కబురు చేయాలి. ఆ సంస్థ కూడా నెలకోసారైనా విద్యార్థి మంచిచెడ్డలు కనుక్కోవాలి. రెండో ఉద్యోగం చూసుకోవచ్చుగానీ, ముందుగా స్పాన్సర్ ఒప్పుకోవాలి.

ఏడు వేల ఊళ్లో మూడు లక్షల జనం

మేరీల్యాండ్‌లోని ఓషన్ సిటీలో ఏడాదంతా కాపురముండేది 7 వేల మంది. వేసవిలో శని, ఆదివారాలొస్తే సముద్రతీరంలో 3 లక్షల మందికి పైగా కిక్కిరుస్తారు. వాళ్లందరికీ వండి వడ్డించి పక్కలు వేసేదెవరు? అమెరికన్ కాలేజీలు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు, పర్యాటకుల రద్దీ మాత్రం సెప్టెంబరు మొదటి సోమవారం దాకా ఉంటుంది. ఆ ఖాళీని పూడ్చేది బల్గేరియా, రొమేనియా లాంటి దేశాల విద్యార్థులే. వాటర్ పార్కులకు పేరుపడ్డ విస్కాన్సిన్ డెల్స్‌దీ ఇదే కథ.

వేసవి సెలవుల్లో మంచు

వేసవి ఉద్యోగానికి స్వెటర్లు, చేతి తొడుగులు సర్దుకుని వెళ్లేవాళ్లూ ఉన్నారు. పెరూ, అర్జెంటీనా, చిలీ భూమధ్యరేఖకు దక్షిణాన ఉన్నాయి కాబట్టి అక్కడి కాలేజీలకు వేసవి సెలవులు డిసెంబరులో వస్తాయి. పథకం లెక్కలోకి తీసుకునేది విద్యార్థి సొంత దేశపు వేసవిని. అందుకే వాళ్లు అమెరికాలో దిగేసరికి అక్కడ చలికాలం. కొలరాడో, యూటా కొండల మీద స్కీయింగ్‌కు వచ్చినవాళ్లను లిఫ్టు ఎక్కిస్తూ వాళ్ల ‘వేసవి’ గడిచిపోతుంది.

చాక్లెట్ పెట్టెల సమ్మె

2011 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని పామైరాలో హెర్షీ చాక్లెట్లు ప్యాక్ చేసే గోదాము నుంచి వందలాది విదేశీ విద్యార్థులు పని ఆపేసి వీధిలోకి వచ్చారు. బరువైన పెట్టెలు మోయడం, రాత్రి షిఫ్టులు, అద్దె కోతలు పోగా చేతికి మిగిలే చిల్లర జీతం వాళ్ల ఫిర్యాదులు. సంస్కృతి చూద్దామని వస్తే కన్వేయర్ బెల్టు చూపించారన్నది వాళ్ల బాధ. దేశమంతా మార్మోగింది. 2008లో దాదాపు లక్షన్నరకు చేరిన విద్యార్థుల సంఖ్యకు 1,09,000 దగ్గర గీత గీశారు. 2012లో నియమాలు బిగించారు. కర్మాగారాల్లో, చేపల ప్రాసెసింగ్ కేంద్రాల్లో పని కూడదు. ప్రధానంగా రాత్రి 10 నుంచి ఉదయం 6 లోపు సాగే కొలువులు కూడదు. ఇళ్లల్లో పనిమనిషిగా కూడదు. ప్రయాణికుల్ని ఎక్కించుకుని రిక్షా తొక్కడమూ కూడదు.

టిప్పు మీద బతుకు

అమెరికా కేంద్ర చట్టం ప్రకారం గంటకు కనీస వేతనం 7.25 డాలర్లు. 2009 నుంచి కదల్లేదు. టిప్పులొచ్చే సర్వర్లకైతే యజమాని 2.13 డాలర్లిచ్చినా సరిపోతుంది. ఇది 1991 నాటి రేటు. టిప్పులు కలిపినా 7.25 అందకపోతే ఆ తేడా యజమానే భరించాలి. చాలా రాష్ట్రాలు ఇంతకంటే ఎక్కువే నిర్ణయించుకున్నాయి. ఇంకో సంగతి: వేసవి విద్యార్థుల జీతంలో సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ కింద 7.65 శాతం కోత ఉండదు. యజమాని కట్టాల్సిన 7.65 శాతమూ ఉండదు. స్థానికుల కంటే విదేశీ విద్యార్థే చవక పడతాడని విమర్శకులు వేలెత్తి చూపేది ఇక్కడే.

ఐర్లండ్ యువత జే-1 వేసవి

ఐర్లండ్‌లో డిగ్రీ చదివే పిల్లలకు అమెరికాలో ఒక వేసవి గడపడం పెద్దవాళ్లవడంలో ఒక మెట్టు. చేతిలో కొలువు లేకుండానే విమానమెక్కి, దిగాక వీధులు తిరిగి పని వెతుక్కోవడం వాళ్లకు అలవాటు. 2016 నుంచి ముందే ఉద్యోగం చూపించాలనడంతో ఆ సాహసానికి తెరపడింది. దానికి ముందు ఏడాదే, 2015 జూన్ 16న, కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో పుట్టినరోజు వేడుక జరుగుతుండగా నాలుగో అంతస్తు బాల్కనీ కూలి ఆరుగురు విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఐదుగురు ఐర్లండ్ నుంచి వేసవి కోసం వచ్చినవాళ్లు. చెక్క దూలాలు లోపల కుళ్లిపోవడమే కారణం. అపార్ట్‌మెంట్ల బాల్కనీలను ఆరేళ్లకోసారి తనిఖీ చేయించాలని 2018లో కాలిఫోర్నియా చట్టం తెచ్చింది.

88 రోజుల పొలం పని

ఆస్ట్రేలియా 1975లో బ్రిటన్, ఐర్లండ్, కెనడా యువతకు ‘వర్కింగ్ హాలిడే’ తలుపు తెరిచింది. ఏడాదిపాటు తిరగొచ్చు, ఖర్చులకు పని చేసుకోవచ్చు. రెండో ఏడాదీ ఉండాలంటే మారుమూల ప్రాంతాల్లో 88 రోజులు పళ్లు కోయడం లాంటి నిర్ణీత పనులు చేయాలి. బ్రిటన్ పాస్‌పోర్టు ఉన్నవాళ్లకు ఈ షరతు 2024 జులైలో తొలగింది. ఆ ఏడాదే మనకూ తలుపు తెరుచుకుంది. 18 నుంచి 30 ఏళ్ల భారతీయులకు ఏడాదికి 1,000 వీసాలు. లాటరీలో పేరు ఇవ్వడానికి 25 ఆస్ట్రేలియన్ డాలర్లు. బ్రిటన్ 2023 నుంచి లాటరీ పద్ధతిలోనే మన పట్టభద్రులకు ఏడాదికి 3,000 వీసాలిస్తోంది. అక్కడ రెండేళ్లు ఉండొచ్చు.

ఒకే టికెట్టు, 21 దేశాలు

కూడబెట్టిన డబ్బుతో తిరగడానికి యూరప్ రైళ్లు 1972లో గొప్ప వరమిచ్చాయి. అంతర్జాతీయ రైల్వేల సంఘానికి 50 ఏళ్లు నిండిన సందర్భంగా ఇంటర్‌రెయిల్ పాసు పెట్టారు. 21 ఏళ్ల లోపు వాళ్లకు 27.50 పౌండ్లకే నెలరోజులపాటు 21 దేశాల్లో రైలు ప్రయాణం. ఆ ఒక్క వేసవికే అనుకున్న పాసు అర్ధశతాబ్దం దాటినా నడుస్తోంది. 2018 నుంచి యూరోపియన్ యూనియన్ 18 ఏళ్లు నిండిన వేలమందికి ఏటా ఉచితంగానే రైలు పాసులు పంచుతోంది.

మన పిల్లల గడియారం

2023–24లో అమెరికాలో ఉన్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. చైనాను దాటి మొదటి స్థానం మనది. వాళ్లలో తెలుగు పిల్లల వాటా ఎంత పెద్దదో ఏ క్యాంపస్‌కు వెళ్లినా చెవులే చెబుతాయి. వీళ్ల ఎఫ్-1 వీసా లెక్క వేరు. చదువు నడిచే రోజుల్లో క్యాంపస్‌లోనే వారానికి 20 గంటలు, సెలవుల్లో పూర్తికాలం. అనుమతి లేకుండా బయట పెట్రోలు బంకులోనో, రెస్టారెంటులోనో నిలబడితే వీసాకే ఎసరు. మిగతా దేశాలకు వాటి గడియారాలున్నాయి. ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు, సెలవుల్లో హద్దు లేదు. ఐర్లండ్‌లో మామూలుగా వారానికి 20, జూన్ నుంచి సెప్టెంబరు దాకా 40. జర్మనీలో ఏడాదికి 140 పూర్తి రోజులు.

అడిగితేనే వచ్చే డబ్బు

అమెరికాలో తాత్కాలికంగా ఉండే విదేశీయులకు ‘స్టాండర్డ్ డిడక్షన్’ అనే పన్ను మినహాయింపు మామూలుగా దక్కదు. భారతీయ విద్యార్థులకు దక్కుతుంది! రెండు దేశాలు 1989లో కుదుర్చుకున్న పన్ను ఒప్పందంలో 21వ అధికరణం ఇచ్చిన వరమిది. 2024 ఆదాయానికి ఆ మినహాయింపు 14,600 డాలర్లు. అంటే వేసవిలో ఐదారు వేల డాలర్లు మాత్రమే సంపాదించిన మన విద్యార్థికి, జీతంలోంచి కోసుకున్న కేంద్ర ఆదాయపు పన్ను మొత్తం తిరిగొస్తుంది. అందుకు మరుసటి ఏడాది 1040-ఎన్ఆర్ ఫారం నింపి పంపాలి. మామూలు గడువు ఏప్రిల్ 15. అడగందే అమ్మైనా పెట్టదంటారు, అమెరికా పన్నుల శాఖ పెడుతుందా!