రక్తనాళంలో పైవైపు ఏది?

పిల్లలూ! విశాఖపట్నం వన్ టౌన్‌లో ఉన్నవారికి యారాడ కొండ బాగా తెలుసు. సముద్రంలోకి చొచ్చుకు వచ్చిన దాని కొననే డాల్ఫిన్స్ నోస్ అంటారు. ఓడ రేవులోకి వచ్చేటప్పుడు ఆ కొండ ఓడవాళ్ళకు ఎడమచేతి వైపు, వన్ టౌన్ కుడిచేతి వైపు ఉంటాయి. తిరిగి వెళ్ళేటప్పుడో? చెప్పుకోండి చూద్దాం! కొండా కదలలేదు, ఊరూ కదలలేదు. చూసేవాడి ముఖం తిరిగింది, అంతే.

ఇలాంటి చిక్కే గుండె వైద్యులకూ వస్తుంది. గుండెకు రక్తం తెచ్చే ధమనిలో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. లోపల చూడటానికి సుమారు ఒక మిల్లీమీటరు లావు గొట్టాన్ని మణికట్టు ధమనిలోంచో తొడ ధమనిలోంచో పంపుతారు. దీన్ని కేథటర్ అంటారు. దాని కొసనున్న చిన్న పలుకు శబ్దాన్ని పంపి, ప్రతిధ్వనిని పట్టుకుంటుంది. మన చెవికి సెకనుకు 20 వేల కంపనాల వరకే వినిపిస్తుంది. ఈ శబ్దానివి 2 నుంచి 6 కోట్లు! కొన్ని గొట్టాలలో ఆ పలుకు లైట్‌హౌస్ దీపంలా నిమిషానికి 1,800 సార్లు తిరుగుతుంది. హాలండులో నికొలాస్ బామ్, అతని తోటివారు 1972లో ప్రకటించిన గొట్టంలో మాత్రం తిరిగేదేమీ లేదు. చుట్టూ 32 పలుకులు పేర్చారు.

తెరమీద ధమని అడ్డుకోత గారెలాగా మధ్య చిల్లుతో కనిపిస్తుంది. మరి గారెకు పైఅంచు ఏది? గొట్టం మెలి తిరిగితే బొమ్మా తిరుగుతుంది. ఇది వట్టి వేడుక కాదు. కొవ్వును గీకి తీసే ఒకరకం కత్తి ఒకవైపే తెగుతుంది. అది పొరపాటున ఎదుటివైపు తిరిగిందంటే ఆరోగ్యంగా ఉన్న గోడకు చిల్లు పడవచ్చు.

ఒక కాగితాన్ని గొట్టంలా చుట్టి, లోపల ఒక సిరాచుక్క పెట్టండి. గొట్టాన్ని చేతిలో తిప్పండి. చుక్క పైన ఉన్నదా, కింద ఉన్నదా? చెప్పలేరు. ఇప్పుడు చుక్కకు కొంచెం ఎడంగా సూదితో బెజ్జం పొడవండి. ఎంత తిప్పినా, “బెజ్జానికి ఫలానా పక్కన చుక్క” అని చెప్పగలరు. రెండో చివరనుంచి చూస్తే మాత్రం ఓడవాడి కథే! (పెద్దలు కూడా చేసి చూడవచ్చు.)

వైద్యులకు ధమని చీలే కొమ్మలే ఆ బెజ్జాలు. గుండెను కప్పిన పొర, పక్కనున్న సిరలు కూడా గుర్తులే. ఆ గుర్తు గడియారంలో అనుకున్న అంకె దగ్గరకు వచ్చేలా తెరమీది బొమ్మను తిప్పుకుంటారు.

కాలి ధమని పూర్తిగా మూసుకుపోతే, తీగ ఒక్కోసారి దారి తప్పి గోడ పొరల్లోకి పోతుంది. అప్పుడు వాడే ఒకరకం గొట్టంలో దాచిన సూది ఎప్పుడూ తెరమీద 12 గంటల వైపుకే వస్తుంది. రక్తం పారే అసలు దారి 12 దగ్గరకు వచ్చేదాకా వైద్యుడు గొట్టాన్ని మెల్లగా తిప్పుతాడు. ఆ తరువాతే సూది వదులుతాడు.