డొమినికా దీవిలో హరికేను

కరీబియను సముద్రపు తూర్పు అంచున విల్లువలె వంగిన చిన్న దీవుల వరుస యొకటి కలదు. ఆ వరుసలో ఒక దీవి డొమినికా. దీనిని డొమినికను రిపబ్లికుగా పొరబడువారు పెక్కుమంది. అది వేరొక దేశము. డొమినికా వైశాల్యము 750 చదరపు కిలోమీటర్లు మాత్రమే. జనసంఖ్య ఇంచుమించు 70,000. 1493వ సంవత్సరము నవంబరు 3వ తేదీ ఆదివారమునాడు కొలంబసు ఈ దీవిని చూచి, ఆ వారము పేరనే దీనిని పిలిచెను. అంతకు ముందునుండి అచట నివసించుచున్న కలినాగో జనులు తమ దీవిని 'వైతుకుబులి' అనెడివారు. ఎత్తైన శరీరము గలది అని దాని భావము. ఓడలో వచ్చువారికి ఈ పాత పేరే తగినదని తోచును. తీరమునుండియే కొండలు నిటారుగా లేచినవి. వానిలో పెద్దది 1,400 మీటర్లను మించిన ఎత్తు గలది. కొండలనిండ దట్టమైన అడవి. ఆ అడవినుండి దిగివచ్చు సెలయేళ్లు అనేకములు.

ఈ దీవిమీదుగా 2017 సెప్టెంబరులో మారియా అను హరికేను పోయెను. బంగాళాఖాతమున పుట్టినచో తుపాననియు, చైనా సముద్రమున పుట్టినచో టైఫూననియు, అట్లాంటికున పుట్టినచో హరికేననియు వాడుక. మూడును ఒకే జాతివి. హరికేను అను మాట కరీబియను దీవుల ఆదిమ నివాసుల నోటినుండి స్పెయిను దేశీయులకు, వారినుండి ఇంగ్లీషువారికి చేరినది.

హరికేనునకు ఆహారము సముద్రపు వేడిమి. నీటి పైభాగము 26 లేక 27 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి వేడెక్కినపుడు ఆవిరి మెండుగా లేచును. కుండలోని నీరు ఆవిరియగుటకు వేడి కావలెను గదా! ఆ ఆవిరి పైకిపోయి మరల నీరైనపుడు, పుచ్చుకొన్న వేడిని విడిచివేయును. దానితో చుట్టునున్న గాలి వేడెక్కి ఇంకను పైకి లేచును. క్రింద వాయుపీడనము తగ్గును. ఆ తగ్గిన చోటికి నలువైపులనుండి గాలి పరుగెత్తివచ్చును. భూభ్రమణము వలన ఆ గాలి తిన్నగా రాక సుడి తిరుగును. సుడి నడుమ గాలి సద్దణగిన భాగమును 'కన్ను' అందురు. కన్నును చుట్టియున్న మేఘపు గోడలోనే గాలి అన్నిటికంటె భయంకరముగా వీచును.

మారియా పుట్టుక సామాన్యమైనది. సెప్టెంబరు 12న ఆఫ్రికా పడమటి తీరము దాటి అట్లాంటికు మీదికి వచ్చిన ఒక వాయుతరంగమే దానికి మూలము. 16వ తేదీన దానికి పేరు పెట్టిరి. 17వ తేదీ రాత్రికి అది మొదటి తరగతి హరికేను. గాలివేగమును బట్టి హరికేనులను ఐదు తరగతులుగా లెక్కింతురు. గంటకు 252 కిలోమీటర్లును, ఆపైనను వీచునది ఐదవ తరగతి. 18వ తేదీ రాత్రి 9 గంటలు దాటిన కొంతసేపటికి మారియా డొమినికా తీరమును తాకునప్పటికి దాని వేగము 260 కిలోమీటర్లను దాటియుండెను. ఒక్క దినములో వేగము ఇంచుమించు రెట్టింపయ్యెనన్నమాట.

వేగము రెట్టింపైనచో దెబ్బయు రెట్టింపగునని తోచవచ్చును. కాని అది నాలుగింతలగును. రెండింతల వడిగల గాలి అదే కాలములో రెండింతల గాలిని గోడమీదికి తెచ్చును. తెచ్చిన గాలి రెండింతల వడితో తగులును. రెండు రెళ్లు నాలుగు. ముందునాటి వార్త విని, దానికి తగినట్లు తలుపులు బిగించుకొన్నవారికి మరునాటి రాత్రి ఎదురైన బలమిది. దీనికి తోడు, గాలి కొండవాలున ఎగబ్రాకి శిఖరము దాటునపుడు ఇరుకు కాలువలోని నీటివలె ఇంకను వడి పుంజుకొనును.

ఆ రాత్రి ఎక్కువగా నష్టపడినవి ఇండ్ల కప్పులు. ఆ దీవిలో పెక్కు ఇండ్లకు జింకు పూసిన ఇనుప రేకుల కప్పులే. గాలి కప్పును క్రిందికి నొక్కి కూల్చునని చాలమంది తలతురు. నిజమునకు అది కప్పును పైకి లాగును. కప్పుమీదుగా వడిగా పోవు గాలివలన అచట పీడనము తగ్గును. ఇంతలో ఒక కిటికీ పగిలెనా, లోపలికి చొరబడిన గాలి క్రిందినుండి కప్పును నెట్టును. పైనుండి లాగుడు, క్రిందినుండి నెట్టుడు. ఈ రెంటికి నడుమ మేకులు ఊడివచ్చును. ఎగిరిన రేకు కత్తివలె పోయి మరొక ఇంటి కిటికీని పగులగొట్టును. అచటను ఇదే కథ మొదలగును.

ప్రధానమంత్రి రూజ్వెల్టు స్కెరిటు ఇంటి కప్పును ఆ రాత్రి లేచిపోయెను. ఇంటిలోనికి నీరు వచ్చెను. ఆయన తన దుస్థితిని సామాజిక మాధ్యమమున తెలిపి, కొంతసేపటికి తాను రక్షింపబడితినని మరల తెలిపెను. పిమ్మట దీవినుండి వార్తలు నిలిచిపోయినవి. కప్పు పోయిన ఇండ్లలోని జనులు స్నానపు గదులలోను, బల్లల క్రిందను తలదాచుకొని తెల్లవారుటకై ఎదురుచూచిరి.

గాలితోపాటు నీరు. ఒకచోట 500 మిల్లీమీటర్లకు మించిన వాన కురిసెను. కొండలు జారినవి. ఏళ్లు విరిగిన మ్రాకులను, బండలను దొర్లించుకొనివచ్చి వంతెనల క్రింద క్రిక్కిరిసి, దారి మార్చుకొని ఊళ్లమీద పడినవి. 1977 నవంబరు 19న దివిసీమలో వేలకొలది ప్రాణములను బలిగొన్నది సముద్రపు ఉప్పెన. అచట నేల పల్లము, తీరమునొద్ద సముద్రము లోతు తక్కువ. కనుక గాలి నెట్టిన నీరు పోగుపడి నేలమీదికి లేచెను. డొమినికా చుట్టును సముద్రము కొలది దూరముననే మిక్కిలి లోతు. అందుచే ఉప్పెన అంత ఎత్తు లేవలేదు. అచట ఊళ్లను ముంచిన నీరు ప్రధానముగా కొండలనుండి వచ్చినది.

తెల్లవారినపుడు దీవి రంగు మారియుండెను. నిన్నటి పచ్చని కొండలు గోధుమరంగు మోడులై నిలిచినవి. ఆకు అనునది కానరాలేదు. బాటలు తెగినవి, విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. సొంతముగా రేడియో యంత్రములు నడుపుకొను ఔత్సాహికులే మొదటి వార్తలను వెలుపలికి చేర్చిరి. తమవారి క్షేమము తెలిసికొనుటకై జనులు కూలిన చెట్లమీదుగా, జారిన మట్టిమీదుగా ఊరినుండి ఊరికి కాలినడకన పోయిరి. 31 మంది మరణించిరి. మరి 34 మంది జాడ తెలియలేదు. అంత చిన్న దేశమున ఇది ప్రతి ఊరిని తాకిన దుఃఖము. నూటికి 90కి పైగా ఇండ్ల కప్పులు చెడినవి, లేక పోయినవి. నష్టము మొత్తము ఆ దేశపు ఒక సంవత్సరపు ఉత్పత్తి విలువకు రెండింతలను మించెను. సెప్టెంబరు 23న స్కెరిటు ఐక్యరాజ్యసమితి సభకు పోయి, వేడెక్కుచున్న సముద్రముల వలని దండనను తమవంటి చిన్న దేశములే ముందుగా అనుభవించుచున్నవని విన్నవించెను.

అరటితోటలు నేలమట్టమైనవి. మెత్తని బోదెగల అరటి అట్టి గాలికి నిలువదు. నేలలోపలి చేమదుంపలకును, కర్రపెండలమునకును గాలి తగులదు. కనుక పైతోటలన్నియు పోయినచోట గూడ త్రవ్వుకొని తినుటకు అవి కొంత మిగిలినవి. కర్రపెండలపు పిండితో రొట్టె చేయుట కలినాగో జనుల పూర్వపు విద్య.

మోడులైన చెట్లన్నియు చచ్చినవి కావు. ఆకులు పోయిన చెట్టు గాలికి తక్కువగా చిక్కును. కాండమునందును వేళ్లయందును దాచుకొన్న పిండిపదార్థముతో మరల చిగురించును. కొలది వారములలోనే కొండలమీద లేత పచ్చదనము తోచెను. సిసెరు అను చిలుక మాటయే అందరికిని దిగులు కలిగించినది. ఊదారంగు రొమ్ముగల ఈ పెద్ద చిలుక డొమినికాలో తప్ప లోకమున మరెచటను అడవులలో నివసింపదు. ఆ దేశపు జెండామీద దాని బొమ్మ కలదు. పండ్లులేని అడవిలో అది బ్రతికియుండునా యని సందేహించిరి. తరువాత కొన్ని కంటబడినవి, కొన్ని మాత్రమే.

డొమినికాకు ఇట్టి ఆపద మొదటిది కాదు. 1979 ఆగస్టు 29న డేవిడు అను హరికేను వచ్చినపుడు 56 మంది మరణించిరి. అప్పటికి దేశమునకు స్వాతంత్ర్యము వచ్చి ఏడాదియైన నిండలేదు. డేవిడునకును మారియాకును నడుమ 38 ఏండ్లు. ఒక తరపు వడ్రంగులు ఉలి దించి, మరొక తరము చేపట్టుటకు చాలిన కాలమిది. మారియా తరువాత ప్రభుత్వము గృహనిర్మాణ నియమములను మరల వివరముగా ప్రకటించెను. రెండువైపుల వాలుకప్పుకంటె నాలుగువైపుల వాలుకప్పు మేలు. రేకులకు మేకులు చాలవు. మరమేకులు దగ్గర దగ్గరగా బిగింపవలెను. దూలములను గోడకు ఇనుపపట్టీలతో కట్టవలెను. వసారా కప్పును ఇంటికప్పుతో కలుపరాదు. విడిగా వేసినచో వసారా కప్పు ఎగిరినను ఇంటికప్పు నిలుచును.

హరికేనుల పేర్లు జాబితాల ప్రకారము ఆరేండ్లకొకమారు తిరిగివచ్చును. మిక్కిలి హాని చేసినదాని పేరును మాత్రము మరల వాడరు. డేవిడు పేరు అట్లు పోయినది. 2018లో మారియా పేరును తీసివేసి, ఆ చోట మార్గో అను పేరు చేర్చిరి. 2023లో ఆ పేరు ఒక హరికేనునకు వచ్చెను. అది నడిసముద్రమున సుడులు తిరిగి, ఏ తీరమునకును హాని చేయకయే చల్లారెను.