తల్లిపాల పరీక్ష

శిశువునకు తల్లిపాలను మించిన ఆహారము లేదు. దేహపుష్టిని కలిగించు పదార్థములే కాక, రోగములను ఎదిరించు శక్తియు ఆ పాలలో కలదు. అయినను తల్లి భుజించు ఆహారములోని దోషములు కొన్ని స్వల్పముగా పాలలోనికి దిగును. కావుననే శాస్త్రజ్ఞులు తల్లిపాలను పరీక్షించి, ఆమె తిన్న గింజలు ఎట్టివో తెలిసికొనగలుగుచున్నారు.

1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్లు చనిపోయినవి. మొదట కారణము ఎవ్వరికిని బోధపడలేదు. తుదకు వాని దాణాలో బ్రెజిల్ దేశపు వేరుసెనగ చెక్క కలిసినదనియు, దానికి బూజు పట్టినదనియు తేలినది. ఆ బూజు పేరు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్. ఆ పేరులోని అక్షరములను గ్రహించి, అది పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు పెట్టిరి. ఈ విషము కంటికి కనబడదు. వంటయింటి వేడికి పూర్తిగా నశింపదు. చిరకాలము శరీరమున చేరుచుండినచో కాలేయమునకు కాన్సరు కలిగించును.

తిన్న విషము కాలేయమును చేరినపుడు, అందు కొంత రూపు మారి పాలలో ప్రవేశించును. ఇట్లు మారిన దానిని అఫ్లటాక్సిన్ ఎమ్-1 అందురు. ‘ఎమ్’ అనునది పాలకు ఆంగ్లపదమైన ‘మిల్క్’లోని తొలి అక్షరము.

పశ్చిమాఫ్రికాలోని గాంబియా దేశమున వేరుసెనగ ముఖ్యమైన పంట. ప్రజల నిత్యాహారమున అదియు ఒకటి. అచ్చటి తల్లుల పాలను పరీక్షించిన ఫలితములు 1992లో వెలువడినవి. పరీక్షా విధానము ఇట్టిది: ముందుగా పాలలోని కొవ్వును వేరుచేసి, మిగిలిన ద్రవమును ఒక చిన్న గొట్టము గుండ పోనిత్తురు. ఈ విషమును మాత్రమే పట్టుకొను ప్రతిరక్షకములు ఆ గొట్టములో అమర్చబడి యుండును. తక్కిన పదార్థములు జారిపోవును, విషము నిలిచిపోవును. పిమ్మట దానిని వేరొక ద్రవముతో విడదీసి, అతినీలలోహిత కిరణములను ప్రసరింపజేసినచో నీలముగా వెలుగును. ఆ వెలుగును కొలిచి విషపు పాలు నిర్ణయింతురు. గ్రామును నూరుకోట్ల భాగములు చేయగా, అట్టి భాగములతో లెక్కించునంత స్వల్పమైనది అది. తల్లి తిన్న విషములో నూటికి ఒక వంతైనను పాలలో చేరలేదని తేలినది.

ఇది విని బిడ్డకు పాలు మాన్పించుట అవివేకము. బూజు పట్టిన మొక్కజొన్న, వేరుసెనగలతో కాచిన జావ పోసినచో, అంతకంటె ఎక్కువ విషము బిడ్డకు చేరవచ్చును. దోషము తల్లిది కాదు, గాదెలోని గింజది.

మన దేశమునకును ఈ విషము కొత్త కాదు. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రములలోని కొన్ని గ్రామములందు బూజు పట్టిన మొక్కజొన్న తిని నూరుగురికి పైగా మరణించిరి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు పరిశోధించి ఆ వ్యాధికి కారణము వెల్లడించిరి.

నివారణోపాయము సులభమైనది. పంటను కల్లములో బాగుగా ఎండబెట్టవలెను. పగిలినవి, ముడుతలు పడినవి, బూజు పట్టినవి ఏరి పారవేయవలెను. మిగిలిన గింజలను చెమ్మ తగులని చోట, గాలి పారునట్లు నిలువచేయవలెను. గర్భిణులకును బాలింతలకును మంచి గింజలనే వండి పెట్టవలెను. ఇంటిలో గింజలు ఏరు చేతులే పసిబిడ్డకు తొలి రక్షణ.