సిగ్నల్ దగ్గరే ఎందుకా వాసన?

ఎర్ర లైటు పడింది. కారు ఆగింది. అంతే... ఇంజిన్ సన్నగా కుదుపుతూ ముక్కుకి గుప్పున పెట్రోలు వాసన! పచ్చ లైటు పడి బండి వేగం అందుకోగానే కుదుపూ ఉండదు, వాసనా ఉండదు. షెడ్డుకు తీసుకెళ్తే ప్లగ్గులు విప్పి చూపిస్తారు. కాటుక పట్టినట్టు పొడి మసి. 'రిచ్ అయిపోతోంది సార్, ఆక్సిజన్ సెన్సర్ మార్చాలి' అంటారు. బిల్లు వేలల్లో. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ.

నిజానికి పాపం ఆ సెన్సర్ చాలాసార్లు నిజమే చెబుతుంటుంది. పొగలో ఆక్సిజన్ తగ్గిందని ఇంజిన్ కంప్యూటర్‌కి కబురందించడమే దాని పని. కబురు తెచ్చినవాణ్ని తన్నితే ఏం లాభం?

కిలో పెట్రోలు సరిగ్గా మండాలంటే సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఆ లెక్కకు మించి పెట్రోలు పడితే అదే రిచ్. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజిన్ పీల్చే గాలి బాగా తక్కువ, దానికి కావలసిన పెట్రోలూ తక్కువే. అప్పుడు ఎక్కణ్నుంచో కాస్త అదనంగా కారిందనుకోండి... గ్లాసుడు మజ్జిగలో చెంచాడు ఉప్పు వేసినట్టే. రోడ్డెక్కి వేగంగా వెళ్లేటప్పుడు అదే చెంచా బిందెడు మజ్జిగలో పడుతుంది. తేడా తెలీదు. ఆగినప్పుడు మాత్రమే ఇబ్బంది పెడుతోందంటే ముందుగా అనుమానించాల్సింది ఇలాంటి చిన్న కారుడునే.

అందుకే అనుభవమున్న మెకానిక్ ముందు స్పానర్ పట్టుకోడు, స్కానర్ పెడతాడు. కంప్యూటర్ పెట్రోలును ఎంత కోస్తోందో అందులో కనిపిస్తుంది. ఐడ్లింగ్‌లో మైనస్ 20 శాతం ఉండి, 2,500 ఆర్‌పీఎంకి పెంచగానే సున్నా దగ్గరికొస్తే అనుమానం నిజమైనట్టే. రెండుచోట్లా మైనసే ఉంటే మాత్రం వేరే దారి. ఇంజిన్ వేడెక్కినా 'ఇంకా చల్లగానే ఉంది' అని చెప్పే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ లాంటివాటిని చూడాలి.

ఇక మొదటి అనుమానితుడు పర్జ్ వాల్వ్. ట్యాంకులో లేచే పెట్రోలు ఆవిరిని ఒక బొగ్గు డబ్బా పట్టి ఉంచుతుంది. దాన్ని కాస్తకాస్తగా ఇంజిన్‌లోకి వదలడం ఈ వాల్వ్ పని. అది తెరుచుకుని ఉండిపోతే, ముఖ్యంగా మండుటెండలో ట్యాంకు నింపాక, ఇంజిన్ ఉక్కిరిబిక్కిరవుతుంది. దాని రబ్బరు పైపును గుడ్డ చుట్టి నొక్కి పట్టుకోగానే ఇంజిన్ కుదుటపడిందా... దొంగ దొరికాడు. పైసా ఖర్చు లేదు!

పాత మోడళ్లలో ఫ్యూయల్ ప్రెషర్ రెగ్యులేటర్‌కు ఒక వాక్యూమ్ పైపు ఉంటుంది. దాన్ని లాగితే లోపల పెట్రోలు తడి కనిపించిందంటే డయాఫ్రమ్ చిరిగినట్టే. ఒక్క ప్లగ్గే నల్లబడి, వేడిమీద ఆపిన బండి మళ్లీ మొండికేస్తుంటే ఆ ఇంజెక్టర్ కారుతోందేమో చూడాలి. ఆయిల్ పుల్లను వాసన చూడటం మరవకూడదు. రోజూ రెండు కిలోమీటర్లే తిరిగే బండ్లలో పెట్రోలు ఆయిల్‌లో కలిసి, వేడెక్కాక ఆవిరై మళ్లీ ఇంజిన్‌లోకే వస్తుంది. అప్పుడు ఆయిల్ మారిస్తే చాలు.

వాయిదా వేస్తే మాత్రం చేతికి చమురు వదులుతుంది. సగం కాలిన పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టర్‌ను మాడ్చేస్తుంది. బీఎస్-4 పెట్రోలు కారుకు పొల్యూషన్ పరీక్షలో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం దాటకూడదు. ఆ పరీక్ష చేసేదీ ఐడ్లింగ్‌లోనే! రంగూ వాసనా లేని ఆ విషవాయువు వల్లే ఈ తనిఖీలేవీ తలుపులు మూసిన షెడ్డులో చేయకూడదు.

మరమ్మతు అయ్యాక స్కానర్‌తో పాత లెక్కలు చెరిపించాలి. లేదంటే కంప్యూటర్ అలవాటుకొద్దీ కొన్నాళ్లు పెట్రోలు కోస్తూనే ఉంటుంది.