పొలం ఒకరిది, పంట ఇంకొకరిది

గోదావరి డెల్టాలో గట్టు మీద పార పట్టుకుని కనిపించే మనిషి చాలాచోట్ల ఆ పొలానికి ఆసామి కాడు. ఆసామి రాజమండ్రిలోనో హైదరాబాదులోనో ఉంటాడు. ఎకరానికి ఇన్ని బస్తాలని మక్తా మాట్లాడుకుని సార్వా, దాళ్వా వేసేది కౌలు రైతు. ప్రభుత్వ సాయం మీద ఇక్కడ తిరిగే అపోహలు చాలావరకు ఈ తేడా దగ్గర పుట్టినవే.

అపోహ: కౌలు కార్డుకి సంతకం పెడితే పొలం చేజారుతుంది.

2019 నాటి పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే ఆ కార్డు గడువు 11 నెలలు. హక్కు పంట మీదే, భూమి మీద కాదు. పట్టాదారు పాసుపుస్తకంలో ఒక్క అక్షరం మారదు. అయినా ఆసామిని అడిగితే "వచ్చే ఏడు చూద్దాంలే అబ్బాయ్" అంటాడు. వచ్చే ఏడు ఆ పొలం ఆ అబ్బాయి చేతిలోనే ఉంటుందని ఎవరు చెప్పగలరు? 2011 చట్టం కింద రుణ అర్హత కార్డుకి ఆసామి సంతకం అక్కర్లేదు, ఊళ్లో విచారించి ఇచ్చేవారు. ఆ పద్ధతి వదులుకోవడం నా లెక్కలో వెనకడుగే.

అపోహ: పీఎం కిసాన్ డబ్బు దున్నేవాడికి వస్తుంది.

రాదు. ఏడాదికి మూడు విడతల్లో వచ్చే ఆ 6,000 రూపాయలు భూమి పేరున్న కుటుంబానికే. కౌలు రైతు దానికోసం ఆధార్ పట్టుకుని తిరగడం దండగ.

అపోహ: ఈ-పంట సర్కారు లెక్కల కోసం, మనకేం ఒరగదు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. మద్దతు ధరకి ధాన్యం అమ్మాలన్నా, తుపాను సాయం రావాలన్నా, బీమా అందాలన్నా ముందు చూసేది ఈ-పంటలో పేరు. ఊడ్పులయ్యాక రైతు సేవా కేంద్రం సిబ్బంది చేలోకి వచ్చి ఫొటో తీసుకుంటారు, తర్వాత రైతు వేలిముద్ర వేయాలి. నెలంతా బురదలో నానిన బొటనవేలిని యంత్రం గుర్తుపట్టదు. పంచె అంచుకి తుడిచి ఒకసారి, కొబ్బరినూనె రాసి ఒకసారి, చివరికి రేపు రమ్మంటారు. ఆ రేపు మాత్రం మానకండి. ముసాయిదా జాబితాను కేంద్రంలో గోడకి అంటిస్తారు. మీ సర్వే నంబరు ఎదురుగా సాగుదారు గడిలో ఆసామి పేరుంటే అభ్యంతరం అప్పుడే రాసివ్వాలి, ధాన్యం కళ్లంలోకి వచ్చాక కాదు.

అపోహ: బీమా దానంతటదే వచ్చేస్తుంది.

కొన్నేళ్లు రైతు వాటా ప్రీమియం కూడా రాష్ట్రమే కట్టడంతో ఈ నమ్మకం పాతుకుపోయింది. 2024-25 దాళ్వా నుంచి రైతు తన వాటా కట్టాల్సిందే. ప్రధానమంత్రి ఫసల్ బీమాలో ఆహార పంటలకి బీమా మొత్తం మీద ఆ వాటా సార్వాకి 2 శాతం, దాళ్వాకి 1.5 శాతానికి మించదు. వరి దిగుబడి నష్టాన్ని ఊరు యూనిట్‌గా లెక్కగడతారు కాబట్టి మీ ఒక్క చేను పోయినంత మాత్రాన ఆ పద్దు కింద పరిహారం రాదు. కోసి పనల మీద ఆరేసిన వరి సంగతి వేరు. కోసిన 14 రోజుల్లోపు తుపానుకో అకాల వర్షానికో తడిస్తే 72 గంటల్లోగా తెలపాలి, 14447కి ఫోన్ చేసినా చాలు. వాన వెలిశాక పనలు తిరగేసే హడావిడిలో ఆ మూడు రోజులు ఇట్టే అయిపోతాయి. తడిసిన పనలకి ముందు ఫొటో తీసి, తర్వాత తిరగేయండి.

 

అపోహ: జీలుగ, జనుము చల్లడం ఆసామి పని. కౌలు రైతు బాగుచేస్తే వచ్చే ఏడు ఇంకొకరు తింటారు.

రైతు సేవా కేంద్రాల్లో రాయితీ మీద ఇచ్చే ఈ విత్తనాన్ని చల్లి, పూత దశలో, అంటే సుమారు 45 రోజులకి, కలియదున్నితే అది కుళ్లి ఇచ్చే నత్రజని ఆ సార్వా వరికే అందుతుంది. యూరియా తగ్గేది కౌలు రైతు ఖర్చులోనే. చిక్కు వేరే ఉంది. దాళ్వా కోతల తర్వాత నేలలో పదును ఆరకముందే విత్తనం పడాలి. మక్తా మాట తేలేసరికి కాలవలకి నీళ్లొదిలే జూన్ వచ్చేస్తోంది.