చెప్పులు కుట్టే షేఖ్ ఆతిథ్యం

విశ్వాసులు పరస్పరం సోదరులని దివ్యఖుర్ఆన్ (49:10) ప్రకటించింది. జుమా ప్రసంగాల్లో ఈ మాటను మనం తరచూ వింటూనే ఉంటాము. అయితే ఆ సోదరత్వం నమాజు వరుసతోనే ముగిసిపోవాలా? మన సంపాదనలోకి, వంటింట్లోకి కూడా రావాలా? పద్నాలుగవ శతాబ్దంలో అనటోలియా (నేటి తుర్కియే) చేతివృత్తులవారు దీనికి తమదైన సమాధానం ఇచ్చారు. వారిని ‘అఖీ’లనేవారు.

అఖీ అంటే అరబీలో ‘నా సోదరుడు’. ఉదారుడనే అర్థమున్న తుర్కీ పదం నుంచి వచ్చిందనే పండితులూ ఉన్నారు. వారి నడవడి చూస్తే రెండూ సరిపోతాయనిపిస్తుంది. వారి ఆదర్శం ‘ఫుతువ్వత్’. దానికి మూలమైన ‘ఫతా’ (యువకుడు) అనే పదం ఖుర్ఆన్‌లో, విగ్రహారాధనను ఎదిరించిన హజ్రత్ ఇబ్రాహీమ్ (అలైహిస్సలాం) విషయంలో కనిపిస్తుంది.

1330ల ఆరంభంలో యాత్రికుడు ఇబ్నె బతూతా అంతాలియా నగరానికి చేరుకున్నాడు. పాత బట్టలు, తలపై ఉన్ని టోపీతో ఒక వ్యక్తి వచ్చి తుర్కీలో ఏదో చెప్పాడు. ఆయన భోజనానికి పిలుస్తున్నాడని అక్కడి షేఖ్ వివరించాడు. ఈ పేదవానిపై ఇంత భారం వేయడమెలా అని ఇబ్నె బతూతా సంకోచించాడు. షేఖ్ నవ్వి అసలు సంగతి చెప్పాడు: ఆ వ్యక్తి చెప్పులు కుట్టేవాడే, కానీ సుమారు రెండు వందల మంది వృత్తికారులు ఆయనను తమ నాయకునిగా ఎన్నుకున్నారు.

మగ్రిబ్ తరువాత వెళ్లి చూస్తే, అందమైన తివాచీలు, గాజు దీపాలతో వెలిగిపోతున్న అతిథిగృహం! నడుముకు పొడవాటి కత్తులు ధరించిన యువకులు బారులు తీరి నిలబడి ఉన్నారు. వారు పగలంతా శ్రమించి, అస్ర్ తరువాత సంపాదనను నాయకునికి అప్పగించేవారు. దానితోనే వంట జరిగేది. బాటసారి వస్తే అతనితో కలిసి, రాకపోతే తామే కలిసి తినేవారు. తెల్లవారగానే మళ్లీ పని.

అయితే కూటమి కట్టినచోట పోటీ కూడా పుడుతుంది. మన జమాఅత్, వారి జమాఅత్ అనే మాటలు మనకు కొత్తవి కావు కదా! లాదిఖ్ (నేటి దెనిజ్లి) పట్టణంలో కొందరు వచ్చి ఇబ్నె బతూతా బృందం గుర్రాల కళ్లాలు పట్టుకున్నారు. మరికొందరు వారిని అడ్డుకున్నారు. కత్తులు దూశారు. దోపిడీ దొంగలేమోనని అతిథులు వణికిపోయారు. అరబీ తెలిసిన ఒకాయన వచ్చి సంగతి విప్పి చెప్పాడు: వారు రెండు అఖీ వర్గాలవారు, అతిథులు తమ వద్దే దిగాలన్నదే వారి తగవు.

చివరికి చీట్లు వేసుకున్నారు. గెలిచినవారి వద్ద ముందు, రెండవ వర్గం వద్ద ఆ తరువాత బస. స్నానం, భోజనం ముగిశాక అతిథుల ఎదుట ఖుర్ఆన్ పారాయణం జరిగింది.